సాధకుడైన సిద్ధార్థుడు

పాఠ్యభాగ ఉద్దేశం

మహాపురుషుల జీవితాలలో మనం సాధారణంగా వారు పొందిన సిద్ధినే చూస్తాం. దానికి ముందు సాగిన సాధనను అంతగా గమనించం. గౌతమబుద్ధుని చరిత్రను ఒక ధ్యానసాధకుని చరిత్రగా పరిచయం చేయడం, సాధనలో ఎదురయ్యే అవరోధాలు ఎటువంటివో, వాటిని ఆయన ఏ విధంగా అధిగమించాడో, శిష్యులకు ఏ విధంగా దారి చూపాడో విద్యార్థులకు తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

బుద్ధుడు అనగానే మన కన్నుల ముందు నిలిచేది ఒక ప్రశాంతమూర్తి. పద్మాసనం, అర్ధనిమీలితాలైన కన్నులు, ఒడిలో ఒకదానిపై ఒకటిగా ఉంచిన చేతులు, పెదవులపై తోచీ తోచని మందహాసం. ఆ మూర్తిని చూసినవారికి ధ్యానం ఆయనకు పుట్టుకతోనే అబ్బిన విద్య అనిపిస్తుంది. తాము కన్నులు మూసుకొని కూర్చోగానే మనస్సు నాలుగు దిక్కులకూ పరుగులు తీయడం చూసి, ఇది మనబోటివారికి సాధ్యం కాదని లేచిపోయేవారు ఎందరో ఉన్నారు. కాని పాళీభాషలోని ప్రాచీన బౌద్ధగ్రంథాలు మనకు చూపే గౌతముడు వేరు. ఆయన నిర్జనారణ్యంలో రాత్రివేళ ఆకుల చప్పుడుకు భయపడినవాడు. నిలవని మనస్సుతో పెనగులాడినవాడు. దేహాన్ని హింసించుకొంటే మనస్సు లొంగుతుందని నమ్మి ఏళ్ల తరబడి కృశించినవాడు. ఈ సంగతులను జ్ఞానోదయానంతరం ఆయనే దాపరికం లేకుండా శిష్యులకు వివరించాడని ఆ గ్రంథాలు తెలుపుతున్నాయి. ఒక్కొక్క అవరోధాన్నీ గుర్తించి, దాని కారణాన్ని వెదకి, దానికి తగిన ఉపాయాన్ని కనుగొనడంలోనే ఆయన మహత్త్వం ఉంది.

సిద్ధార్థుడు హిమాలయ పాదప్రదేశంలో, శాక్యుల రాజధాని అయిన కపిలవస్తు నగరానికి చేరువలోని లుంబినీవనంలో జన్మించాడు. నేడు ఆ స్థలం నేపాల్ దేశంలో ఉంది. అశోకచక్రవర్తి ఆ వనాన్ని దర్శించి నిలిపిన శిలాస్తంభంపైని శాసనం 1896లో వెలుగు చూసింది. సిద్ధార్థుని జననం క్రీ.పూ. 563లో జరిగిందనే లెక్క ఎక్కువ ప్రచారంలో ఉంది. ఆయన కాలాన్ని అంతకంటె ఇటీవలిదిగా భావించే చరిత్రకారులూ ఉన్నారు. తండ్రి శుద్ధోదనుడు. తల్లి మాయాదేవి బిడ్డ పుట్టిన ఏడవనాడే కన్నుమూయగా, పినతల్లి మహాప్రజాపతి గౌతమి ఆ శిశువును పెంచి పెద్దచేసింది.

ఆయన బాల్యంలో జరిగిన ఒక చిన్న సంఘటన తరువాతి చరిత్రకంతటికీ బీజమైంది. మన ఏరువాక వంటి పండుగ శాక్యులకూ ఉండేది. ఆనాడు శుద్ధోదనుడు స్వయంగా పొలానికి వెళ్లేవాడు. జనమంతా నాగళ్లు సాగే వేడుకను చూడడంలో మునిగి ఉండగా, బాలుడు ఒక నేరేడు చెట్టు నీడలో ఒంటరిగా కూర్చున్నాడు. ఎవరూ ఏమీ ఉపదేశించలేదు. ఏదో పొందాలనే ఆరాటమూ ఆ పసిమనస్సులో లేదు. ఆ నెమ్మదిలో అతని చిత్తం తనంత తానుగా ఏకాగ్రమై, నిర్మలమైన ఆనందంలో నిలిచింది. బౌద్ధులు ఈ స్థితిని ప్రథమధ్యానం అంటారు. ఆ అనుభవం వచ్చినంత సులభంగానే మరుగున పడిపోయింది. దాని విలువ ఆయనకు తెలిసిరావడానికి ఎన్నో ఏళ్లు పట్టింది.

ముసలితనం, వ్యాధి, మరణం మానవజీవితాన్ని చుట్టుముట్టి ఉన్నాయని గ్రహించిన సిద్ధార్థుడు 29 ఏళ్ల వయస్సులో భార్యను, పసివాడైన రాహులుని, రాజభోగాలను వదలి దుఃఖనివారణ మార్గాన్ని వెదుకుతూ బయలుదేరాడు. మొదట ఆళార కాలాముడనే ధ్యానగురువును ఆశ్రయించాడు. ఆ గురువు బోధించిన మార్గంలో అనతికాలంలోనే గురువుతో సమానుడయ్యాడు. ఆళారుడు సంతోషించి, శిష్యగణాన్ని ఇద్దరమూ కలిసి నడిపిద్దామని కోరాడు. అటుపిమ్మట ఉద్రక రామపుత్రుని వద్ద అంతకంటె సూక్ష్మమైన సమాధిని అభ్యసించాడు. ఉద్రకుడు ఏకంగా ఆచార్యస్థానాన్నే ఇవ్వజూపాడు. తక్కిన సాధకులైతే అక్కడితో తృప్తి చెందేవారు. సిద్ధార్థుడు తనను తాను పరీక్షించుకొన్నాడు. ఆ సమాధులు ఎంత ప్రశాంతమైనవైనా దుఃఖమూలాన్ని తొలగించడం లేదని తెలుసుకొని, ఆ గౌరవాలను వినయంతో విడిచిపెట్టి ముందుకు సాగాడు. కొద్దిపాటి అనుభవాన్నే గమ్యమని భ్రమించడం సాధకునికి కలిగే అవరోధాలలో ఒకటి. ఆయన దానిని తొలినాళ్లలోనే దాటాడు.

రెండవ అవరోధాన్ని దాటడం అంత తేలిక కాలేదు. మగధ దేశంలో నైరంజనా నదీతీరాన ఉరువేలా అనే ప్రదేశాన్ని చేరి సిద్ధార్థుడు తీవ్రతపస్సు ఆరంభించాడు. కౌండిన్యుడు మొదలైన అయిదుగురు తాపసులు ఆయనను అనుసరించారు. పంటిపై పన్ను బిగించి, నాలుకను అంగిలికి అదిమి, బలవంతుడు బలహీనుని మెడపట్టి అణచినట్లు మనస్సును అణచివేయాలని ప్రయత్నించాడు. చంకలనుండి చెమటలు కారాయేగాని మనస్సు శాంతించలేదు. శ్వాసను నిరోధించి కూర్చొన్నాడు. చెవులలో కొలిమితిత్తి హోరు వంటి ధ్వని పుట్టింది. తలకు తోలుపట్టెను బిగించి కట్టినట్లు భరింపరాని నొప్పి కలిగింది. ఆహారాన్ని తగ్గిస్తూ తగ్గిస్తూ పోగా, పొట్టమీద చేయి వేస్తే వెన్నెముక తగిలేంతగా చిక్కిపోయాడు. లేవబోయి బోర్లా పడిపోయేవాడు. ఇల్లు విడిచిన నాటినుండి ఇట్లా ఆరేళ్లు గడిచాయి. ఎంత శ్రమించినా, ఆ శ్రమకు తగిన జ్ఞానం లభించలేదు.

ఆ అరణ్యవాసపు రోజులలోనే మరొక శత్రువు ఎదురైంది. అది భయం. మనస్సు పరిశుద్ధం కానివారికి అరణ్యవాసం భయంకరమని నలుగురూ చెప్పుకొనేవారు. సిద్ధార్థుడు ఆ భయాన్ని తప్పించుకొని తిరగలేదు. జనులు భయపడే చైత్యవృక్షాల వద్దకు, పర్వదినాల రాత్రులలో కావాలని వెళ్లి ఉండేవాడు. మృగమేదో సమీపించేది; నెమలి ఎండుకొమ్మను విరిచేది; గాలికి రాలుటాకులు గలగలలాడేవి. గుండె ఝల్లుమనేది. అప్పుడు ఆయన ఒక చిన్న నియమాన్ని ఏర్పరచుకొన్నాడు. నడుస్తూ ఉండగా భయం కలిగితే, అది తగ్గేవరకు నడుస్తూనే ఉండేవాడు, నిలవడు, కూర్చోడు. కూర్చుని ఉండగా కలిగితే, అది తొలగేదాకా లేవడు. పారిపోతే భయం వెంబడిస్తుందని, ఉన్నచోటనే ఉండి దానిని చూస్తే అదే క్షీణిస్తుందని ఆయన అనుభవంతో తెలుసుకొన్నాడు.

శరీరం శుష్కించి, మార్గం మూసుకుపోయిన ఆ స్థితిలో, బాల్యంలోని నేరేడు చెట్టు నీడ ఆయన స్మృతిలో మెదిలింది. ఆనాడు దేహాన్ని బాధించలేదు, మనస్సును బలవంతపెట్టలేదు. అయినా చిత్తం నిలిచింది. జ్ఞానానికి దారి అదే కాకూడదా అని ఆలోచించాడు. కోరికలతోగాని, పాపంతోగాని సంబంధం లేని ఆ సుఖాన్ని చూసి తాను ఎందుకు భయపడాలని తన్ను తాను ప్రశ్నించుకొన్నాడు. అటువంటి ధ్యానం ఎండిన దేహంతో సాధ్యం కాదని గ్రహించి, మళ్లీ ఆహారం స్వీకరించాడు. సుజాత అనే స్త్రీ అర్పించిన పాయసాన్ని ఆయన ఆరగించాడని సంప్రదాయం చెబుతుంది. వెంట ఉన్న అయిదుగురు తాపసులూ సిద్ధార్థుడు వ్రతభ్రష్టుడైనాడని నిరసించి వెళ్లిపోయారు. లోకం మెచ్చుకొనే కఠోరత్వాన్ని వదలుకోవడానికి, దానిని ఆచరించడానికి కావలసినదానికంటె ఎక్కువ ధైర్యం కావాలి.

తరువాత ఆయన తన మనస్సును శత్రువుగా చూడడం మాని, దానిని పరిశీలించడం మొదలుపెట్టాడు. తనలో పుట్టే ఆలోచనలను రెండు రాసులుగా విభజించుకొన్నాడు. కామం, ద్వేషం, హింస వీటికి సంబంధించినవి ఒక రాశి. త్యాగం, మైత్రి, అహింస వీటికి సంబంధించినవి వేరొక రాశి. మనిషి ఏ ఆలోచనలను మళ్లీ మళ్లీ తలపోస్తాడో మనస్సు ఆవైపుకే వంగుతుందని కనుగొన్నాడు. పైరు కోతకు వచ్చిన వేళ పసులకాపరి కర్ర పట్టుకొని, పశువులు చేలో పడకుండా కనిపెట్టుకొని ఉండాలి. పంట ఇల్లు చేరిన తరువాత, వేసవిలో, చెట్టు నీడన కూర్చుని అవి అక్కడ ఉన్నాయని గుర్తుంచుకొంటే చాలు. చెడు తలపుల విషయంలో మొదటి కాపరివలె, మంచి తలపుల విషయంలో రెండవ కాపరివలె ఉండాలని ఆయన నిశ్చయించుకొన్నాడు. అంతేకాదు, మంచి ఆలోచనలనైనా రేయింబవళ్లు సాగనిస్తే దేహం అలసిపోతుందని, అలసిన దేహంలో మనస్సు నిలవదని కూడా గమనించాడు.

ధ్యానం కుదురుకొంటున్న దశలోనూ చిక్కులు తప్పలేదు. అంతర్నేత్రానికి ఒక కాంతి గోచరించి, అంతలోనే మాయమయ్యేది. ఎందుకు మాయమైందని ఆయన ప్రతిసారీ కారణాన్ని వెదికేవాడు. ఒకసారి సందేహం కారణమయ్యేది, ఒకసారి అనవధానత, ఒకసారి నిద్రమత్తు, ఒకసారి భయం, ఒకసారి పట్టరాని సంతోషం. ఒకప్పుడు ప్రయత్నం మితిమీరేది, మరొకప్పుడు చాలకపోయేది. పూరేడు పిట్టను గుప్పిట గట్టిగా బిగిస్తే చచ్చిపోతుంది; పట్టు సడలిస్తే ఎగిరిపోతుంది. చిత్తమూ అటువంటిదేనని ఆయన అర్థం చేసుకొన్నాడు. కొంతకాలానికి అనిరుద్ధుడు, నందియుడు, కింబిలుడు అనే ముగ్గురు శిష్యులు తమకు ఇదే ఇబ్బంది కలుగుతున్నదని విన్నవించుకొన్నప్పుడు, ఆయన వారిని మందలించలేదు. తానూ అట్లాగే ఇబ్బంది పడ్డానని చెప్పి, తాను కనుగొన్న కారణాలను ఒక్కొక్కటిగా వివరించాడు.

ఈ విధంగా పరిపక్వమైన మనస్సుతో, 35 ఏళ్ల వయస్సులో, వైశాఖ పూర్ణిమనాటి రాత్రి, నేడు బుద్ధగయగా ప్రసిద్ధమైన ఆ ప్రదేశంలో రావిచెట్టు క్రింద సిద్ధార్థుడు బుద్ధుడైనాడు. తన్ను విడిచివెళ్లిన అయిదుగురు తాపసులనే వెదుకుకొంటూ వారణాసి సమీపంలోని మృగదావానికి, అనగా నేటి సారనాథ్‌కు వెళ్లి, ఆషాఢ పూర్ణిమనాడు వారికి తొలి ఉపదేశం చేశాడు. భోగలాలసకూ దేహహింసకూ నడుమ సాగే మధ్యేమార్గం ఆ ఉపదేశానికి ఆరంభవాక్యమైంది. అది తర్కంతో ఊహించిన సిద్ధాంతం కాదు. రాజప్రాసాదంలో ఒక కొసనూ, ఉరువేలలో రెండవ కొసనూ చూసివచ్చినవాని అనుభవసారం.

అటుపిమ్మట 45 ఏళ్లపాటు ఆయన గంగామైదానంలో సంచరిస్తూ ధర్మాన్ని బోధించాడు. కొత్తగా ధ్యానం నేర్చుకొనేవారికి ఆయన చూపిన ఆలంబనలలో ముఖ్యమైనది శ్వాస. శ్రావస్తి నగరంలోని పూర్వారామంలో, కార్తీక పూర్ణిమనాటి వెన్నెలలో, భిక్షుసంఘానికి ఈ పద్ధతిని 16 సోపానాలుగా వివరించాడు. ఆ సోపానాలలో మొదటివి ఎంతో సరళమైనవి. చెట్టు మొదటనో, నిర్జనగృహంలోనో కూర్చుని, వెన్ను నిటారుగా నిలిపి, ఎరుకతో ఊపిరి పీల్చాలి, ఎరుకతో విడవాలి. ఊపిరి దీర్ఘమైతే దీర్ఘమని, హ్రస్వమైతే హ్రస్వమని తెలుసుకోవాలి. ఉరువేలలో శ్వాసను నిరోధించి బాధపడిన గురువు, శిష్యులకు శ్వాసను ఉన్నదున్నట్లుగా గమనించమని మాత్రమే చెప్పడం గమనింపదగిన విషయం.

సాధకుని అడ్డగించే వాటిని బుద్ధుడు అయిదు నీవరణాలుగా లెక్కించాడు. విషయవాంఛ, ద్వేషం, జాడ్యంతో కూడిన నిద్రమత్తు, పశ్చాత్తాపంతో కూడిన చాంచల్యం, సందేహం అనేవి ఆ అయిదు. వీటిని ఆయన నీటిపాత్రతో పోల్చి చెప్పాడు. రంగులు కలిసిన నీటిలో మన ముఖం సరిగా కనిపించదు. మరిగే నీటిలోనూ కనిపించదు. నాచు కప్పిన నీటిలో, గాలికి అలలు లేచే నీటిలో, చీకటిలో ఉంచిన బురదనీటిలో కూడా కనిపించదు. అయిదు నీవరణాలకూ ఇవి వరుసగా అయిదు ఉపమానాలు. ఇందులో ఒక ఆశాసూచన దాగి ఉంది. ముఖం ఎక్కడికీ పోలేదు. నీరు తేరుకొంటే అదే కనిపిస్తుంది.

ఒకే ఔషధం అన్ని వ్యాధులకూ పనిచేయదు. శిష్యుల స్వభావాన్ని బట్టి బుద్ధుడు ఉపాయాన్ని మార్చేవాడు. చంపానగరానికి చెందిన సోణుడు సంపన్నుల బిడ్డ. నేలమీద నడిచి ఎరుగని సుకుమారుడు. భిక్షువై, రాజగృహం సమీపంలోని శీతవనంలో చంక్రమణధ్యానం చేస్తూ అరికాళ్లు పగిలి నెత్తురు కారేంతవరకు నడిచాడు. అయినా మనస్సు విముక్తం కాలేదు. తాను ఇంతకంటె శ్రమించలేనని, ఇంటికి తిరిగిపోయి ఉన్న సంపదతో దానధర్మాలు చేసుకోవడం మేలని అనుకొన్నాడు. బుద్ధుడు అతని వద్దకు వచ్చి, అతనికి తెలిసిన విద్యనే అడిగాడు. తీగలు మరీ బిగిస్తే వీణ పలికేదా అని ప్రశ్నించాడు. పలికేది కాదన్నాడు సోణుడు. మరీ వదులు చేస్తే పలికేదా అని అడిగాడు. అప్పుడూ పలికేది కాదన్నాడు. సరియైన శ్రుతిలో నిలిపినప్పుడే పలికేదని ఒప్పుకొన్నాడు. ప్రయత్నం మితిమీరితే చాంచల్యమూ, సన్నగిల్లితే సోమరితనమూ కలుగుతాయని, సాధనకు కూడా సమశ్రుతి అవసరమని బుద్ధుడు బోధించాడు. ఇంటిదారి పట్టబోయిన సోణుడు ఆ మాటతో నిలిచి, తరువాత అర్హతుడైనాడు.

మౌద్గల్యాయనుడు బుద్ధుని ప్రధానశిష్యులలో ఒకడు. అంతటివాడు కూడా తొలిరోజులలో మగధలోని ఒక గ్రామంలో ధ్యానానికి కూర్చుని కునికిపాట్లు పడ్డాడు. బుద్ధుడు అతనికి క్రమంగా ఏడు ఉపాయాలు చెప్పాడు. ఏ తలపు నిద్రను తెస్తున్నదో దానిని విడిచిపెట్టాలి. నేర్చిన ధర్మాన్ని మననం చేయాలి. అప్పటికీ నిద్ర తీరకపోతే దానిని పైకి వల్లించాలి. చెవితమ్మెలను లాగి, అవయవాలను రుద్దుకోవాలి. లేచి కన్నులను నీటితో కడుగుకొని దిక్కులను, నక్షత్రాలను చూడాలి. పగటి వెలుగును మనస్సులో భావించాలి. అటూ ఇటూ పచార్లు చేయాలి. ఇవన్నీ విఫలమైతే, లేచే సమయాన్ని సంకల్పించుకొని కుడిప్రక్కకు తిరిగి పడుకోవాలి. మెలకువ రాగానే ఆలస్యం చేయక లేవాలి. నిద్ర వచ్చినందుకు శిష్యుణ్ణి నిందించిన మాట ఒక్కటీ ఈ ఉపదేశంలో లేదు. దేహధర్మాన్ని దేహధర్మంగానే చూసిన ఆచార్యుని వాత్సల్యం ఇందులో వ్యక్తమవుతుంది.

మేఘియుడనే భిక్షువు కథ మరొక విధమైనది. ఒకనాడు నదీతీరంలో అందమైన మామిడితోపును చూసి, ఇంతకంటె అనువైన చోటు ధ్యానానికి దొరకదని అతడు ఉత్సాహపడ్డాడు. మరొక భిక్షువు వచ్చేదాకా ఆగమని బుద్ధుడు సూచించినా, ముమ్మారు కోరి అనుమతి పొందాడు. తోపులో కూర్చున్నాడో లేదో, కామ, ద్వేష, హింసల తలపులు గుంపులుగా చుట్టుముట్టాయి. అతడు ఆశ్చర్యంతో తిరిగివచ్చాడు. మనస్సు పరిపక్వం కావడానికి రమ్యమైన చోటుకంటె ముందుగా కావలసినవి మంచి స్నేహం, శీలం, సద్భాషణం, నిరంతర కృషి, వివేకం అని బుద్ధుడు అతనికి తెలియజేశాడు.

చెదరగొట్టే ఆలోచనలను తొలగించడానికి వేరొక సందర్భంలో ఆయన అయిదు మార్గాలు ఉపదేశించాడు. వడ్రంగి సన్నని చీలతో మొద్దు చీలను వెలికి కొట్టినట్లు, చెడు తలపును మంచి తలపుతో తొలగించాలి. తొలగకపోతే, ఆ తలపువల్ల కలిగే కీడును తలచుకోవాలి. అప్పటికీ తొలగకపోతే, చూడదలచుకోని వస్తువునుండి చూపు మరల్చినట్లు దానిని పట్టించుకోకుండా ఉండాలి. ఆపైన, పరుగెత్తేవాడు నడకకు, నడకనుండి నిలుకడకు వచ్చినట్లు, ఆలోచన వేగాన్ని దాని మూలం వద్ద మెల్లమెల్లగా తగ్గించాలి. ఇవేవీ ఫలించని వేళ, చిట్టచివరి ఉపాయంగా మాత్రమే, పండ్లు బిగించి మనోబలంతో దానిని అణచాలి. ఉరువేలలో సిద్ధార్థుడు మొట్టమొదట ప్రయోగించిన ఆయుధం ఇక్కడ అన్నిటికంటె చివరిదైంది.

మందబుద్ధులమని కుంగిపోయేవారికి చూళపంథకుని కథ ఊరటనిస్తుంది. బౌద్ధవ్యాఖ్యానాలు చెప్పే ఈ కథలో అతడు నాలుగు నెలలు ప్రయత్నించినా ఒక్క శ్లోకాన్ని కంఠస్థం చేయలేకపోయాడు. భిక్షువైన అన్నగారే అతనిని ఇంటికి పొమ్మన్నాడు. దుఃఖిస్తూ వెళ్లిపోతున్న అతనిని బుద్ధుడు ఆపి, శుభ్రమైన తెల్లని వస్త్రఖండాన్ని చేతికిచ్చి, మలినం తొలగుగాక అనే భావంతో దానిని చేతితో రుద్దుతూ కూర్చోమన్నాడు. కొంతసేపటికి చేతిచెమటతో వస్త్రం మాసింది. నిర్మలమైన వస్త్రం మాసినట్లే మనస్సూ మాలిన్యాన్ని పొందుతుందని, ఏదీ శాశ్వతం కాదని అతనికి స్ఫురించింది. శ్లోకం పట్టుబడని చేతికి సత్యం పట్టుబడింది.

ఫలం అందరికీ ఒకే వేగంతో లభించదు. భిక్షుణుల అనుభవాలను తెలిపే థేరీగాథలలో సామ అనే ఆమె 25 ఏళ్లపాటు తనకు చిత్తశాంతి దొరకలేదని చెప్పుకొన్నది. అయినా ఆమె సాధనను వీడలేదు. తుదకు శాంతిని పొందింది. అశ్వఘోష మహాకవి తన సౌందరనంద కావ్యంలో, బుద్ధుని తమ్ముడు నందుడు భార్యను మరువలేక పడిన పెనగులాటను, అతడు క్రమంగా ధ్యానంలో కుదురుకొన్న తీరును సర్గల కొలది వర్ణించాడు. సాధకుని తడబాటు కావ్యవస్తువు కాదగినంత ఉదాత్తమైనదని ఆ మహాకవి భావించాడన్నమాట.

80 ఏళ్ల వయస్సులో, కుశీనగరంలో రెండు సాలవృక్షాల నడుమ బుద్ధుడు పరినిర్వాణం పొందాడు. అంత్యసమయంలో సైతం ఆయన ఒక్కొక్క ధ్యానస్థితినీ వరుసగా దాటుతూ దేహాన్ని విడిచాడని గ్రంథాలు చెబుతున్నాయి. ఆ ధర్మం కృష్ణాతీరానికి ప్రాచీనకాలంలోనే చేరింది. భట్టిప్రోలు, అమరావతి, నాగార్జునకొండ అందుకు సాక్ష్యాలు. అమరావతి తొలినాటి శిల్పులు బుద్ధుని మానవరూపంలో మలచలేదు. బోధివృక్షం, దాని క్రింద ఒక శూన్యాసనం, పాదముద్రలు చెక్కి ఆయన సన్నిధిని సూచించారు.

ఆ శూన్యాసనం ముందు నిలిచినవారు, అక్కడ కూర్చొన్నవాడు కూడా ఒకనాడు భయపడ్డాడని, దారి తప్పాడని, తిరిగి దారి కనుగొన్నాడని స్మరించుకోవాలి. చదువుకు కూర్చొన్న విద్యార్థికైనా, ధ్యానానికి కూర్చొన్న సాధకునికైనా మనస్సు చెదరడం సహజం. చెదిరిన మనస్సును విసుగులేకుండా మళ్లీ చేరదీసుకోవడమే సాధన. అది నూరుసార్లు చెదిరితే నూరుసార్లూ చేరదీసుకోవలసిందే. వీణను ఒక్కసారి శ్రుతిచేసి ఊరుకొనే వైణికుడు లేడు. వాయించబోయే ప్రతిసారీ తీగలను సవరించుకొంటాడు. ఆ ఓర్పు గలవారికి బుద్ధుడు నడిచిన దారి నేటికీ తెరచియే ఉంది.

కఠినపదాలు – అర్థాలు

అర్ధనిమీలితం : సగం మూసినది
అనతికాలం : కొద్దికాలం
చంక్రమణం : అటూ ఇటూ నడవడం
నీవరణం : కప్పివేసేది, అడ్డు
ఆలంబనం : ఆధారం
అనవధానత : ఏమరుపాటు
జాడ్యం : మందకొడితనం
పూరేడు : పొదలలో తిరిగే ఒక చిన్న పిట్ట
కొలిమితిత్తి : కమ్మరి నిప్పు రాజేయడానికి గాలి ఊదే తోలుసంచి
అర్హతుడు : రాగద్వేషాలను పూర్తిగా జయించినవాడు
వైణికుడు : వీణ వాయించేవాడు

అభ్యాసం

I. వ్యాసరూప సమాధాన ప్రశ్నలు
1. జ్ఞానోదయానికి పూర్వం సిద్ధార్థునికి ఎదురైన అవరోధాలను, వాటిని ఆయన అధిగమించిన తీరును వివరించండి.
2. శిష్యుల స్వభావాన్ని బట్టి బుద్ధుడు ఉపాయాలను ఏ విధంగా మార్చాడో సోదాహరణంగా వ్రాయండి.

II. సంగ్రహ సమాధాన ప్రశ్నలు
1. నేరేడు చెట్టు నీడలోని అనుభవం సిద్ధార్థునికి ఏ విధంగా మార్గదర్శకమైంది?
2. పసులకాపరి ఉపమానంలోని అంతరార్థాన్ని తెలపండి.
3. అయిదు నీవరణాలను నీటిపాత్రతో పోల్చడంలోని ఔచిత్యాన్ని వివరించండి.
4. చూళపంథకుని కథవల్ల మీరు గ్రహించిన నీతి ఏమిటి?

III. ఏకవాక్య సమాధాన ప్రశ్నలు
1. సిద్ధార్థుడు ఆశ్రయించిన ఇద్దరు ధ్యానగురువులు ఎవరు?
2. బుద్ధుని తొలి ఉపదేశం ఎక్కడ జరిగింది?
3. సోణునికి బుద్ధుడు ఏ వాద్యాన్ని ఉదాహరణగా చూపాడు?
4. సౌందరనంద కావ్యకర్త ఎవరు?